కూలికి పూచీ ఉంది, కూలివానికి ఏదీ? – ఇజారా అధ్యాయంపై ఒక విమర్శ

కొన్నేళ్ల క్రితం ఒక సీరత్ సభ ముగిసిన తర్వాత, ప్రశ్నోత్తరాల సమయంలో ఒక చిన్న కార్ఖానా యజమాని లేచి తన సందేహం చెప్పుకున్నారు. ఆయన నమాజు తప్పని మనిషి. ప్రతి గురువారం సాయంత్రం పనివాళ్ల చేతిలో కూలి పెట్టిన తర్వాతనే ఇంటికి పోతారని ఆ పేటలో పేరు. ఆయన కార్ఖానాలో రేకులు కత్తిరించే యంత్రంలో పడి ఒక యువకుని కుడిచేతి మూడు వేళ్లు తెగిపోయాయి. ఆసుపత్రి ఖర్చు కొంత ఆయనే భరించారు. "ఇకముందు ఇచ్చేది నా జకాత్ సొమ్ములో నుంచి ఇవ్వవచ్చునా, మౌలానా?" అన్నది ఆయన ప్రశ్న. ఆ యువకుడు పేదవాడు, జకాత్‌కు అర్హుడు కనుక ఇవ్వవచ్చునని వేదిక మీది పెద్దలు సెలవిచ్చారు. సభ సంతృప్తి చెందింది. నేనూ చెందాను.

ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం ఒక సందేహం నన్ను వదలలేదు. జకాత్ యజమాని దయాధర్మం కాదు, అది పేదవాని హక్కు. తాను చెల్లించవలసిన బాకీని జకాత్ సొమ్ముతో తీర్చుకోవడం చెల్లదని ఫిఖ్హ్ ప్రాథమిక పాఠాలు చదివిన విద్యార్థికి కూడా తెలుసు. కూలి బాకీ ఉంటే అది జకాత్‌తో తీరదు. మరి ఆ మూడు వేళ్ల సంగతి ఏమిటి? దానికిచ్చే సొమ్ము యజమాని దయతలచి చేసే సహాయమా, లేక ఆయన మీద అప్పటికే పడి ఉన్న బాకీయా? బాకీ అయితే వేదిక మీది సమాధానం పొరపాటు. బాకీ కాదంటే, ఎందుకు కాదు?

ఈ ప్రశ్నను పట్టుకుని మన ఫిఖ్హ్ గ్రంథాలలోని ఇజారా అధ్యాయాన్ని, అంటే కిరాయి, కూలి ఒప్పందాల అధ్యాయాన్ని చదివాను. చదివినప్పుడు కనిపించినదేమిటో, కనిపించనిదేమిటో పాఠకుల ముందు ఉంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఇది ఫత్వా కాదు. ఫత్వా ఇచ్చే అర్హత నాకు లేదు.

చెమట దగ్గరే ఆగిపోతున్నాం

ఇస్లాంలో కార్మికుల హక్కుల గురించి మన తెలుగులోను, ఉర్దూలోను వచ్చే చిన్న పుస్తకాలన్నీ దాదాపు ఒకే దారిన నడుస్తాయి. పనివానికి చెమట ఆరకముందే కూలి చెల్లించాలన్న దైవప్రవక్త (స) ఆదేశంతో అవి మొదలవుతాయి. పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి తీర్పుదినాన తానే ప్రతివాదినవుతానని అల్లాహ్ హెచ్చరించినట్లు బుఖారీలో ఉన్న హదీసును పేర్కొంటాయి. ఇవన్నీ పద్నాలుగు వందల ఏళ్ల క్రితమే ఇస్లాం ఇచ్చిన హక్కులనీ, పడమటి దేశాలు నిన్న మొన్న మేలుకున్నాయనీ చెప్పి ముగిస్తాయి.

ఆ హదీసుల ఔన్నత్యం గురించి వాదన లేదు. అయితే అవి ముఖ్యంగా కూలి గురించినవి. ఎంత ఇవ్వాలి, ఎప్పుడు ఇవ్వాలి, ఎగ్గొడితే ఏమవుతుంది అన్న ప్రశ్నలకు జవాబులు. పనిచేసే చోట పనివాని ప్రాణానికి, అవయవాలకు, ఊపిరితిత్తులకు ఎవరు జవాబుదారీ అన్నది వేరే ప్రశ్న. ఆ రెండో ప్రశ్నకు మొదటి ప్రశ్న జవాబునే అప్పజెప్పి తృప్తిపడడం మన రచయితలకు అలవాటైంది. నా మొదటి విమర్శ వారి మీదనే. గ్రంథాలను విమర్శించబోయే ముందు, వాటిని పూర్తిగా చదవకుండానే పొగిడే మన అలవాటును విమర్శించుకోవాలి.

బట్టకు పూచీ, మనిషికి లేదు

భారతదేశపు మదరసాలలో తరతరాలుగా బోధించే హనఫీ గ్రంథం హిదాయా. దాని రచయిత ఇమామ్ మర్గీనానీ (రహ్మ) క్రీ.శ. 1197లో పరమపదించారు. వారన్ హేస్టింగ్స్ పూనికతో చార్లెస్ హామిల్టన్ దానిని ఆంగ్లంలోకి మార్చగా 1791లో అచ్చయింది. ఆ అనువాదం ఆధారంగా బ్రిటిష్ న్యాయస్థానాలు ముస్లింల వ్యాజ్యాలు తీర్చాయి. కనుక మన దేశంలో ఈ గ్రంథం మాట మదరసా గోడలు దాటి పనిచేసింది.

ఇందులోని ఇజారా అధ్యాయం పనివానిని రెండు తరగతులుగా విభజిస్తుంది. ఒకే యజమాని వద్ద, ఇంత కాలమని ఒప్పుకుని పనిచేసేవాడు 'అజీరె ఖాస్'. చాకలి, దర్జీ, హమాలీ మాదిరిగా అందరి పనీ పట్టేవాడు 'అజీరె ముష్తరక్'. మొదటి తరగతి పనివాడు పనికి సిద్ధంగా హాజరైతే చాలు, యజమాని పని చూపించలేకపోయినా కూలి ఇవ్వవలసిందే. ఉస్మానియా ప్రభుత్వం అహ్మద్ జౌదత్ పాషా అధ్యక్షతన 1869–1876 మధ్య తయారుచేయించిన పౌరస్మృతి మజల్లా కూడా తన 425వ అధికరణంలో ఈ నియమాన్నే చేర్చుకుంది. నేటి కార్మిక న్యాయస్థానం కూడా హర్షించే నియమం ఇది.

కాని ఈ అధ్యాయంలో అత్యంత సూక్ష్మంగా, అత్యంత విపులంగా సాగిన చర్చ వేరొకటి. అది పూచీ, అంటే 'దమాన్' చర్చ. చాకలి బండకేసి బాదినప్పుడు బట్ట చినిగితే నష్టం ఎవరిది? హమాలీ కాలు జారి సరుకు పాడైతే? సరుకు కట్టిన తాడు తెగిపోతే? అందరి పనీ పట్టేవాని దగ్గర సరుకు అతని ప్రమేయం లేకుండా పోతే అతనికి పూచీ లేదని ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) అంటారు. తప్పించుకోలేని అగ్నిప్రమాదం వంటిదైతే తప్ప పూచీ ఉందని ఆయన శిష్యులిద్దరూ, అబూ యూసుఫ్, ముహమ్మద్ (రహ్మ) అంటారు. వాదోపవాదాలు నిశితంగా ఉంటాయి. అయితే ఒకటి గమనించండి. ఈ చర్చ అంతా యజమాని సొత్తుకు పనివాడు ఎంతవరకు పూచీ అన్నదే. పనివాని శరీరానికి యజమాని ఎంతవరకు పూచీ అన్న ప్రశ్న ఈ అధ్యాయంలో తలెత్తదు.

మనిషి ప్రస్తావన ఒకచోట ఇలా వస్తుంది. పడవవాడు లాగడంలో పడవ మునిగితే అందులోని సరుకుకు అతడు పూచీ. అందులో మునిగిపోయిన మనుషులకు మాత్రం ఆ ఒప్పందం కింద పూచీ లేదు. దీనికి చెప్పిన కారణం ఆలోచింపదగినది. మనిషి ప్రాణానికి పూచీ ఒప్పందం వల్ల పుట్టదు. అది హాని వల్ల పుడుతుంది, దాని విచారణ దియత్ అధ్యాయంలో జరుగుతుంది. ఈ మాట వెనుక మానవునిపట్ల గౌరవం ఉంది. మనిషి మూటా కాదు, ముల్లే కాదు. బట్టను అప్పగించినట్లు అతనిని ఎవరూ ఎవరికీ అప్పగించలేరు. కనుక ఫుఖహాలు కార్మికుని శరీరాన్ని ఇజారా అధ్యాయం నుండి తప్పించింది చులకన చేసి కాదు. సరుకుల పట్టీలో చేర్చడానికి మనసొప్పక.

ఉద్దేశం గొప్పదే. ఫలితం ఏమైంది? ఒప్పందపు అధ్యాయంలో చోటు దొరకని కార్మికుని శరీరం దియత్ అధ్యాయానికి వెళ్లింది. అక్కడ దానికి ఎదురైనది బావి.

బావి, గని

బుఖారీ, ముస్లిం రెండింటిలోనూ ఉన్న ఒక హదీసు ప్రకారం మూగజీవి చేసిన గాయానికీ, బావికీ, గనికీ పరిహారం లేదు. నిక్షేపంలో ఐదో వంతు చెల్లించాలి. బావీ, గనీ అన్నదానికి వ్యాఖ్యాతలు ఇచ్చిన వివరణలలో ఒకటి మన విషయానికి నేరుగా తగులుతుంది. ఒకడు బావి తవ్వడానికో గని తవ్వడానికో కూలీలను పెట్టుకున్నాడు. మట్టి కూలి వారు మరణించారు. పనికి పెట్టుకున్నవాని మీద ఏమీ లేదు.

హనఫీ గ్రంథాలలో దీనికి కొనసాగింపుగా మరొక లెక్క ఉంది. నలుగురు కూలీలు బావి తవ్వుతుండగా వారి తవ్వకం వల్లనే అది కూలి ఒకడు మరణిస్తే, మిగిలిన ముగ్గురూ దియత్‌లో తలా నాలుగో వంతు భరించాలి. నాలుగో భాగం చనిపోయినవాని సొంత చేత కనుక రద్దవుతుంది. లెక్క తర్కబద్ధంగానే ఉంది. కాని ఆ లెక్కలో బావి ఎవరిదో ఆయన పేరు లేదు. నీళ్లు తాగేది ఆయన, నష్టం పంచుకునేది తోటి కూలీలు.

మజల్లా కూడా ఈ దారినే నడిచింది. దాని 92, 93 అధికరణాల ప్రకారం స్వయంగా హాని చేసినవాడు ఉద్దేశం లేకపోయినా పూచీ. హానికి కారకుడు మాత్రమే అయినవాడు, ఉద్దేశపూర్వకంగా చేస్తే తప్ప పూచీ కాడు. కార్ఖానాలో చెయ్యి తెగినప్పుడు స్వయంగా కోసింది యంత్రం. యజమాని కారకుడు మాత్రమే. ఆయన ఉద్దేశపూర్వకంగా చేశాడని నిరూపించవలసిన భారం చెయ్యి పోగొట్టుకున్నవానిదే అవుతుంది.

ఇదంతా చూపి మన శాస్త్రం వెనుకబడినదని ఎవరైనా తీర్మానిస్తే వారికి ఇంగ్లండు చరిత్ర గుర్తుచేయాలి. 1837లో ప్రీస్ట్‌లీ–ఫౌలర్ వ్యాజ్యంలో, మోయలేనంత బరువు వేసిన బండి విరిగి తొడ ఎముక విరగ్గొట్టుకున్న కసాయి దుకాణపు పనివానికి యజమాని ఏమీ ఇవ్వనక్కరలేదని అక్కడి న్యాయస్థానం తీర్పు చెప్పింది. తోటి పనివాని పొరపాటు వల్ల గాయపడినవాడు యజమానిని అడగరాదన్న సూత్రం దాని నుండే పెరిగింది. ఆ సూత్రం ఇంగ్లండులో పూర్తిగా రద్దు కావడానికి 1948 దాకా పట్టింది. నలుగురు కూలీల బావి లెక్కకూ దీనికీ ఎంత పోలిక ఉందో పాఠకులే గ్రహించగలరు. తప్పు నిరూపించలేకపోయినా పరిహారం ఇవ్వాలన్న నియమం అక్కడ 1897లో, మన దేశంలో 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టంతో వచ్చింది. ఆ చట్టం 1924 జూలై 1 నుండి అమలైంది.

కనుక మన ఫుఖహాలు తమ కాలానికి వెనుకబడినవారు కారు. బావి తవ్వేవానికి మట్టి సంగతి యజమాని కన్నా బాగా తెలిసిన కాలం అది. పనిముట్టు తనది, పద్ధతి తనది, వద్దనుకుంటే పోయే స్వేచ్ఛ తనది. ఆ నియమం ఆ లోకానికి సరిపోయింది. యంత్రం యజమానిది, వేగం యజమానిది, తలుపు తాళం యజమానిది అయిన లోకానికి కూడా అదే చాలునని ఊరుకోవడం ఫుఖహాల తప్పు కాదు, మనది.

మజల్లా రాయనిది గనుల నిబంధన రాసింది

మజల్లా తయారవుతున్న ఆ కాలంలోనే ఉస్మానియా రాజ్యంలో నల్లసముద్ర తీరాన ఎరేలీ బొగ్గుగనులు నడుస్తున్నాయి. 1869లో ఆ ప్రభుత్వమే జారీచేసిన గనుల నిబంధనావళి, ప్రమాదంలో గాయపడినవారికీ మరణించినవారి కుటుంబాలకూ గని నడిపేవారు పరిహారం చెల్లించాలనీ, గని వద్ద వైద్యుణ్ణీ మందులనూ ఉంచాలనీ నిర్దేశించింది. ఫిఖ్హ్ ఆధారంగా రాసిన స్మృతిలో లేని బాధ్యత ప్రభుత్వ నిబంధనలో చోటుచేసుకుంది. ఒకే రాజ్యం, ఒకే కాలం, రెండు పుస్తకాలు.

ఈ విభజన నేటికీ సాగుతున్నది. ముస్లిం దేశాలలో కార్మికుని భద్రత ప్రభుత్వ చట్టాల పనిగా మిగిలింది. సౌదీ అరేబియాలో కూడా కార్మిక చట్టాన్ని 'నిజామ్' అంటారు. మిమ్బర్ మీద ఉపన్యాసం చెమట దగ్గర ఆగుతుంది, మిగిలినది ప్రభుత్వ కార్యాలయానికి వదిలేస్తారు. దీనివల్ల జరిగిన నష్టం చిన్నది కాదు. భక్తిగల యజమాని మనసులో కూలి ఎగ్గొట్టడం పాపం, యంత్రానికి రక్షణ కంచె పెట్టకపోవడం మాత్రం ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చూసుకోవలసిన విషయం అయిపోయింది.

మూలాలలోనే ఉన్న దారి

అయితే ఫిఖ్హ్‌లో దారి లేదా? ఉంది. నేను చూసినంతలో నాలుగు ఆధారాలు కనిపిస్తున్నాయి.

మొదటిది, వృత్తిపనివారిని పూచీ చేసిన సంఘటన. మొదట్లో వృత్తిపనివాని చేతిలోని సరుకు అమానతు. అమానతుకు పూచీ ఉండదు. కాని జనం సొత్తుకు రక్షణ లేకుండా పోతున్నదని చూసి హజ్రత్ అలీ (రజి) వృత్తిపనివారిని పూచీ చేశారనీ, లేకుంటే జనం వ్యవహారాలు చక్కబడవని కారణం చెప్పారనీ ఉల్లేఖనాలు ఉన్నాయి. పైన చెప్పిన ఇమామ్ శిష్యుల అభిప్రాయానికి ఇదే ఆధారం. ఇక్కడ నా ప్రశ్న సూటిగా ఒక్కటే. ఒకరి బట్టను కాపాడడం కోసం మొదటి నియమాన్ని పక్కకు జరిపి, పూచీని పేదవాడైన చాకలి మీద పెట్టగలిగిన శాస్త్రం, ఒకరి ప్రాణాన్ని కాపాడడం కోసం అదే తర్కంతో పూచీని యజమాని మీద పెట్టలేదా? బట్ట కన్నా చెయ్యి తక్కువదా?

రెండవది, తెలియనివ్వకపోవడం గురించిన నియమం. తనది కాని స్థలంలో బావి తవ్వమని ఒకడు కూలీలను పెట్టి, ఆ సంగతి వారికి చెప్పలేదు. తర్వాత ఎవరైనా అందులో పడి మరణిస్తే పూచీ తవ్వినవారిది కాదు, తవ్వించినవానిది. ఎందుకంటే అతడు వారిని మోసపుచ్చాడు. ఇది హిదాయాలో ఉన్న మాటే. ఇప్పుడు బంగ్లాదేశ్‌లో ఢాకా సమీపాన సావర్‌లో కూలిన రానా ప్లాజాను గుర్తుచేసుకోండి. 2013 ఏప్రిల్ 23న గోడలలో పగుళ్లు కనిపించాయి. మరునాడు అదే భవనంలోని బ్యాంకు, దుకాణాలు మూతపడ్డాయి. పై అంతస్తులలోని దుస్తుల కర్మాగారాల వారిని మాత్రం పనిలోకి రమ్మన్నారు. భవనం కూలి 1,134 మంది మరణించారు. వారిలో ఎక్కువమంది ముస్లిం స్త్రీలు, రమ్మన్నవారిలోనూ ముస్లింలున్నారు. పగులు చూసి కూడా ప్రమాదమేమీ లేదని చెప్పినవాడు బావి నియమంలోని ఏ పక్కన నిలబడతాడు? పరిహారం లేని బావి పక్కనా, మోసపుచ్చి తవ్వించినవాని పక్కనా? రసాయనం పేరు చెప్పకుండా డ్రమ్ము కడగమనే యజమానికి కూడా ఇదే ప్రశ్న వర్తిస్తుంది.

మూడవది, లాభం ఎవరిదో భారమూ వారిదేనన్న సూత్రం. మజల్లాలో ఇది 87వ అధికరణం. హాని చేయరాదు, హానికి హాని చేయరాదన్న ప్రవక్త (స) వచనం 19వ అధికరణం. ఇవి అన్ని అధ్యాయాలకూ వర్తించే మూలసూత్రాలు. గని విషయంలో ఇది మరింత స్పష్టం. హనఫీల ప్రకారం పై హదీసులోని ఐదో వంతు గని రాబడికి కూడా వర్తిస్తుంది. గని మేలులో ఖజానాకూ యజమానికీ వాటా ఉన్నప్పుడు, గని కీడు తవ్వినవానికి మాత్రమే ఎట్లా మిగులుతుంది? మన సుప్రీంకోర్టు 1986 డిసెంబరులో ఎం.సి. మెహతా వ్యాజ్యంలో, ప్రమాదకరమైన పరిశ్రమను లాభం కోసం నడిపేవారు దానివల్ల కార్మికులకూ చుట్టుపక్కల వారికీ కలిగే హానిని, తగిన జాగ్రత్త తీసుకున్నామన్న సాకు లేకుండా, భరించవలసిందేనని తీర్పు చెప్పింది. ఆ తీర్పు వెనుక ఉన్న న్యాయభావన మన 87వ అధికరణంలోని న్యాయభావనే. దానిని మన గ్రంథాలలో నుంచి ముందుగా తీసి లోకానికి చూపవలసినవారం మనం. చూపలేదు.

నాలుగవది, ఆఖిలా. పొరపాటున జరిగిన మరణానికి దియత్‌ను ఒక్కని మీద వేయకుండా అతని బంధువర్గం పంచుకునే ఏర్పాటు ఇది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో దీనిని వంశం నుండి దీవానుకు, అంటే ఒకే జీతాల పట్టీలో ఉన్నవారికి మార్చారు. వృత్తులను బట్టి పరస్పరం ఆదుకునే జనం ఉంటే ఆ వృత్తివారే వారి ఆఖిలా అని కూడా హిదాయా చెబుతుంది. నేటి కార్మిక బీమాకు ఇంతకన్నా దగ్గరి పోలిక ఎక్కడ దొరుకుతుంది? చిన్న యజమాని ఒక్కడే అంత భారం మోయలేడన్న అభ్యంతరానికి సమాధానం కూడా ఇందులోనే ఉంది. మోయలేడు కనుకనే పంచుకోవాలి. పంచుకోవడానికి పట్టీలో పేరు ఉండాలి. పట్టీలో పేరే రాయకుండా పనివాణ్ణి పెట్టుకున్నవాడు అతని ఆఖిలాను ముందుగానే తెంచినట్లు.

విధి అనే మాట

2014 మే 13న తుర్కియేలోని సోమా బొగ్గుగనిలో 301 మంది మరణించారు. మరునాడు అప్పటి ప్రధాని ఎర్దోగాన్, ఇలాంటివి ఈ వృత్తి 'ఫిత్రత్'లోనే ఉన్నాయని అన్నారు. ఖుర్ఆన్‌లో మానవ స్వభావానికి వాడిన మాటను గని ప్రమాదానికి వాడడం చాలామందిని నొప్పించింది. మనం ఆయనను విమర్శించే ముందు మన పేటలలో ప్రమాదం జరిగినప్పుడు మొదట వినిపించే మాట ఏమిటో గుర్తుచేసుకోవాలి. "రాసిపెట్టి ఉంది, ఏం చేస్తాం." ఆ మాట బాధితుని తల్లి అంటే అది సబ్ర్. యజమాని అంటే అది తప్పించుకోవడం.

హజ్రత్ ఉమర్ (రజి) సిరియా ప్రయాణంలో సర్గ్ వద్ద ముందున్న ప్రాంతంలో మహమ్మారి ఉందని విన్నారు. తన వెంట ఉన్నవారిని అందులోకి తీసుకుపోవడానికి ఆయన ఒప్పుకోలేదు. ఇది దైవనిర్ణయం నుండి పారిపోవడం కాదా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) అడిగితే, దైవనిర్ణయం నుండి దైవనిర్ణయంలోకే వెళ్తున్నామని సమాధానమిచ్చారు. పదిమంది ప్రాణాలు తన ఆజ్ఞ మీద ఆధారపడి ఉన్నవాడు విధిని ఎట్లా అర్థం చేసుకోవాలో ఇంతకన్నా స్పష్టమైన పాఠం లేదు. ఈ సంఘటనను మనం రోగాల సందర్భంలోనే చెబుతాం. పగిలిన గోడ ముందు నిలబడిన మేనేజరుకు కూడా చెప్పాలి.

మన గుమ్మం దగ్గర

నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాలలో బీడీలు చుట్టే స్త్రీలలో మన ఇళ్లవారు చాలామంది ఉన్నారు. కంపెనీ ఆకు, కంపెనీ తంబాకు, టేకేదారు లెక్క, ఇల్లు మాత్రం తమది. 1966 నాటి బీడీ, సిగారు కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారిని కూడా కార్మికులుగానే గుర్తించింది. కాని ఆచరణలో ఏమి జరుగుతుంది? ఆకు తగ్గితే ఆమె పూచీ. బీడీలు బాగా లేవని తీసేస్తే ఆ కూలి ఆమె పోగొట్టుకోవాలి. ఏళ్ల తరబడి తంబాకు ధూళి పీల్చిన ఛాతీకి పూచీ ఎవరు? చాకలి బట్ట చర్చ ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా అక్కడే నిలబడి ఉన్నట్లు లేదూ?

ఇప్పుడు మొదటి ప్రశ్నకు తిరిగి వద్దాం. ఆ ప్రమాదం జరిగేనాటికి అమలులో ఉన్న 1923 చట్టం ప్రకారం, పని సందర్భంలో, పని కారణంగా గాయమైతే యజమాని తప్పు ఉన్నా లేకపోయినా పరిహారం చెల్లించాలి. తాగి ఉండడం, కావాలని భద్రతా నియమాన్ని ఉల్లంఘించడం వంటి కొద్ది మినహాయింపులే ఉన్నాయి. దాని మొదటి అనుబంధంలో ఒక చేతి మూడు వేళ్లు పోతే సంపాదనాశక్తిలో నష్టం 30 శాతమని ఉంది. ఫిఖ్హ్‌లో వేలికి దియత్‌లో పదో వంతు, మూడు వేళ్లకు వంద ఒంటెలలో 30. రెండు లెక్కల ఉద్దేశాలు వేరు, ఒకటి సంపాదనను కొలుస్తుంది, ఇంకొకటి అవయవాన్ని. అయినా రెండూ ఒకే అంకె దగ్గర కలవడం చూసి నేను కొంతసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

ఆ యువకునికి ముప్పై ఏళ్లు, నెలకు 15,000 రూపాయల కూలి అనుకుందాం. చట్టపు సూత్రం ప్రకారం కూలిలో 60 శాతం 9,000 రూపాయలు. దానిని ఆ వయసుకు నిర్ణయించిన 207.98తో హెచ్చవేసి, వచ్చినదానిలో 30 శాతం తీస్తే 5,61,546 రూపాయలు. ఇది వెంటనే చెల్లించవలసిన సొమ్ము. నెల దాటితే 12 శాతం వడ్డీని కూడా చట్టం వేస్తుంది. ఆ వడ్డీ మాట వినగానే ఉలిక్కిపడే యజమానులు, అది పడకుండా ఉండే మార్గం నెలలోపు చెల్లించడమేనని గుర్తించాలి. 2020లో పార్లమెంటు ఆమోదించిన సామాజిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చి ఈ పాత చట్టం స్థానాన్ని తీసుకుంది. యజమాని బాధ్యత అన్న మూలసూత్రం మారలేదు.

ఇది దేశచట్టం కదా, షరీఅత్ కాదు కదా అనే సోదరులకు ఒక మాట. మనం ఈ దేశంలో కార్ఖానా తెరిచినప్పుడు, కరెంటు తీసుకున్నప్పుడు, లైసెన్సు పొందినప్పుడు ఈ నియమాలకు లోబడతామని ఒప్పుకున్నాం. ఒప్పందాలను నెరవేర్చండన్నది ఖుర్ఆన్ ఆజ్ఞ. ఆ ఆజ్ఞకు కార్మికునితో చేసిన ఒప్పందం మినహాయింపు కాదు. పైగా ఈ చట్టం కోరేది మన ధర్మానికి విరుద్ధమైనది కాదు. మన ధర్మం ఆశించి, మన గ్రంథాలు పూర్తిగా రాయక వదిలిన పేజీ అది. శక్తికి మించిన పని సేవకుల మీద మోపవద్దని, మోపితే తామూ చెయ్యి వేయాలని ప్రవక్త (స) చెప్పినప్పుడు, శరీరం సంగతి కూడా చెప్పినట్లే. హజ్రత్ మూసా (అలై) తో ఎనిమిదేళ్ల పని ఒప్పందం చేసుకున్న మద్‌యన్ వృద్ధుడు, నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదని ముందే మాట ఇచ్చినట్లు ఖుర్ఆన్ తెలిపింది. కూలి మాటతో పాటే ఆ మాట వచ్చింది. మనం ఒకటి తీసుకుని ఒకటి వదిలిపెట్టాం.

కనుక ఆ సభలో ఇవ్వవలసిన సమాధానం ఇదని నా అభిప్రాయం. ముందు బాకీ లెక్క కట్టండి. అది మీ సొంత సొమ్ము నుండి, ఆ యువకుని హక్కుగా, రసీదు మీద చెల్లించండి. ఆ పైన అతడు ఇంకా పేదవాడైతే అప్పుడు జకాత్ మాట ఆలోచించవచ్చు. బాకీని జకాత్ పేరుతో తీర్చినవాడు ఒకే సొమ్ముతో ఇద్దరికి అన్యాయం చేస్తాడు. వేళ్లు పోయినవానికి అతని హక్కు అందదు. ఆ జకాత్ అందవలసిన మరో పేదవానికి అదీ అందదు.

ఇందులో నా అవగాహన తప్పయితే ఉలమాలు సరిదిద్దాలని కోరుతున్నాను. సరైనదయితే, ఇజారా అధ్యాయం బోధించే ప్రతి మదరసాలో చాకలి బట్ట పాఠం ముగిసిన రోజున ఉస్తాదు విద్యార్థులను ఒక్క ప్రశ్న అడగాలని కోరుతున్నాను. చినిగినది బట్ట కాక చాకలి చెయ్యి అయితే, పూచీ ఎవరిది? ఆ కార్ఖానాలో యంత్రం ఇంకా నడుస్తూనే ఉంది. దానికి కంచె పెట్టారో లేదో నాకు తెలియదు. ఆ రోజు సభలో ఎవరమూ అడగలేదు.